గుండె బెల్టు

నవంబర్ 24, సోమవారం

ట్రైనింగ్ పుస్తకంలో తిట్లు రాయకూడదు కాబట్టి ఈ నోట్‌బుక్ వేరే తీశాను.

అకాడమీలో కొత్త మేడమ్ చేరింది. పేరు గ్రేసీ, గోపాలపట్నం పిల్ల, ఇరవై ఎనిమిదేళ్ళుంటాయేమో. స్పోర్ట్స్ సైన్స్ చదివిందట. మేనేజర్ మోహనకృష్ణ ఆమెని గ్రౌండంతా తిప్పి చూపించి, ఆఖర్న నా దగ్గరికి తెచ్చి, "మన పరుగుల కోచ్ గురునాథరావు మాస్టారు, చాలా సీనియర్" అన్నాడు. సీనియర్ అంటే ముసలాడని నాకు తెలియదా?

పిల్లలందరికీ తలా ఒక బెల్టు ఇచ్చింది. పొద్దున్న లేవగానే దాన్ని రొమ్ముకి కట్టుకుని మూడు నిమిషాలు కదలకుండా పడుకోవాలట. గుండె గడియారంలా సమంగా కొట్టకూడదట. దెబ్బకీ దెబ్బకీ మధ్య ఎడం కొంచెం మారుతూ ఉండాలట. ఆ మార్పు బాగుంటే ఒళ్ళు తేరుకున్నట్టు, తగ్గిపోతే అలిసిపోయినట్టు. ఫోన్లో నెంబరొస్తుంది, దాని పక్కన రంగు. ఆకుపచ్చ అయితే పరిగెత్తు, పసుపైతే చూసుకో, ఎరుపైతే పడుకో. ట్రాఫిక్ పోలీసు ఉద్యోగం మనిషి గుండెలో పెట్టారన్నమాట.

నాకు బెల్టు అక్కర్లేదు. ప్రాక్టీసు అయ్యాక చోడి అంబలి, అదే రాగి జావ, గ్లాసుతో చేతికిస్తాను. గ్లాసు అడుగు కనపడేదాకా తాగినవాడు బాగున్నట్టు, సగం వదిలేసినవాడి ఒంట్లో ఏదో ఉన్నట్టు. ముప్పై ఏళ్ళలో ఈ లెక్క తప్పలేదు.

ట్రయల్స్‌కి నేను తయారుచేస్తున్న హేమశ్రీ ఈ రోజు గ్లాసు ఖాళీ చేసింది. రాసి పెడుతున్నాను.

నవంబర్ 27, గురువారం

హేమశ్రీకి ఎరుపు.

డిసెంబర్ 28న రాష్ట్ర ట్రయల్స్. అయిదు వేల మీటర్లు పదిహేడు నిమిషాల లోపు పరిగెత్తితే జట్టులో ఉంటుంది, లేకపోతే లేదు. దాని బెస్టు పదిహేడు నిమిషాల పద్నాలుగు సెకన్లు. ఆనందపురంలో చామంతి బుట్టలు మోసే పిల్లని పదమూడో ఏట ట్రాక్ మీదికి తెచ్చాను. హాస్టల్ తిండి పడకపోతే కూర్మన్నపాలెంలో మా ఇంట్లోనే ముందుగది ఇచ్చాను. ఏడేళ్ళ తరవాత మిగిలింది ఆ పద్నాలుగు సెకన్లు. ఇప్పుడు రంగు చూసి పడుకోమంటారా?

నాలుగొందల మీటర్లు పన్నెండుసార్లు పెట్టాను. నాలుగోదానికి గ్రేసీ చెప్పులతో ట్రాక్ మీదికే వచ్చేసింది.

"సార్, తనకి ఈ రోజు గట్టి వర్కౌట్ వద్దు. మొన్నటి జ్వరం నుంచి ఇంకా తేరుకోలేదు. పది రోజులు తేలికగా ఉంచితే తనే పైకొస్తుంది."

"పది రోజులేటి మేడమ్! నెల్రోజుల్లో ట్రయల్స్. రెస్టు ఆ తరవాత తీసుకుంతాది."

"అప్పటికి లేటవుతుంది."

"ముప్పై ఏళ్ళ నుంచి పిల్లల్ని పరిగెట్టిత్తన్నాను. ఏ బెల్టూ లేకుండానే పరిగెట్టీవోరు."

"పరిగెత్తలేక మానేసినవాళ్ళ పేర్లు కూడా మీ దగ్గరున్నాయా సార్?"

పిల్లలందరూ వింటున్నారు. నేను విజిల్ ఊదాను. ఆమెకి చెప్పాల్సిన జవాబు ఇప్పుడు ఒకటి తట్టింది గానీ అదీ అంత గొప్పగా లేదు.

సాయంత్రం మోహనకృష్ణ పిలిచి ఎరుపు వచ్చినవాళ్ళని గట్టిగా పరిగెత్తించకూడదని చెప్పాడు. కాగితం మీద సంతకం కూడా పెట్టించుకున్నాడు.

నవంబర్ 28

మళ్ళీ ఎరుపు. పార్కులో ముసలాళ్ళలా నడిపించాను.

డిసెంబర్ 1, సోమవారం

వరసగా అయిదో ఎరుపు. ఇరవై రెండు అని నెంబరొచ్చింది. హేమశ్రీ ఫోన్ తెచ్చి నా ముందు నిలబడింది. 'సేవ్' నొక్కితే గానీ అది మేడమ్ దగ్గరికి పోదని నాకు తెలుసు.

"బెల్టు ఇలా ఇయ్యి."

"ఏటి సార్?"

"ఇయ్యమంతన్నాను కదా!"

ముందుగదిలో చాప మీద పడుకుని కట్టుకున్నాను. సీతాలు వంటింట్లోంచి తొంగి చూసి, "ఓలమ్మా! ఆడపిల్ల బెల్టు మీకెందుకండీ?" అంది. మూడు నిమిషాలు మాట్లాడకూడదు కాబట్టి మా ఆవిడ బతికిపోయింది.

నూట ముప్పై ఒకటి! ఆకుపచ్చ!

నాకు యాభై తొమ్మిదేళ్ళు. పిల్లల్ని పరిగెత్తిస్తూనే ముప్పై ఏళ్ళు స్టీల్‌ప్లాంటు డ్యూటీ వేడిలో కాలిన ఒళ్ళు. అకాడమీలో ఏ పిల్లకీ తొంభై దాటలేదట. పాతకాలం తిండి, పాతకాలం పరుగు అంటే ఇదీ. ఈ నెంబరు తీసుకెళ్ళి ఆ గ్రేసీ మొహాన కొట్టాలనిపించింది. కొట్టలేను, ఎందుకంటే అది హేమశ్రీ పేరు మీద వెళ్ళిపోయింది.

"ఇది తప్పు కదా సార్?" అంది హేమశ్రీ.

"తప్పయితే నాది. నువ్వు పరిగెట్టు, సాలు."

పన్నెండు నాలుగొందలూ పూర్తి చేయించాను.

డిసెంబర్ 3

నూట పద్దెనిమిది. ఆకుపచ్చ.

పల్సు ఎనభై ఎనిమిది ఉందేమిటి, ఈ పిల్లకి ఎప్పుడూ యాభై దాటదే అని గ్రేసీ అడిగింది. బాత్రూముకి వెళ్ళొచ్చి వెంటనే పెట్టుకుందేమో అన్నాను. బెల్టు తడిపి బిగించి కట్టుకోమని చెప్పి వెళ్ళిపోయింది.

డిసెంబర్ 6, శనివారం

వారమంతా ఆకుపచ్చే. "చూశారా, పిల్ల ఎలా లేచిందో!" అని మోహనకృష్ణ గ్రేసీ ముందే అన్నాడు. ఆమె టాబ్లెట్ మీద వేలు జరుపుకుంటూ ఉండిపోయింది. చూస్తుంటే నాకు పాయసం తాగినట్టుంది.

డిసెంబర్ 9, మంగళవారం

డాబా మీద నీళ్ళ ట్యాంకు చూద్దామని ఎక్కితే పద్దెనిమిది మెట్లకే ఊపిరి అందలేదు. పిట్టగోడ మీద కూర్చున్నాను. రొమ్ములో చేపపిల్ల తన్నుకున్నట్టు టపటపా కొట్టుకుంది. రాత్రి తిన్న వంకాయ బజ్జీలు.

"ఆస్పత్రికెళ్దారి," అంది సీతాలు.

"గేసుకి కూడా ఆస్పత్రేటి?"

"గేసయితే చెమట్లెందుకు పడతాయి?"

దీనికీ గ్రేసీ గాలి సోకినట్టుంది. నూట ముప్పై ఒకటి వచ్చిన గుండె ఇది.

హేమశ్రీ అంబలి సగం వదిలేసిందట. ఇది కూడా సీతాలే చెప్పింది. వయసు పిల్ల, డైటింగేమో.

డిసెంబర్ 10

సగం.

డిసెంబర్ 12, శుక్రవారం

పదిహేడు నిమిషాల యాభై ఒక్క సెకన్లు!

ఇవాళ ట్రయల్స్ లాగే గడియారం పెట్టి పూర్తి దూరం పరిగెత్తించాను. ఎనిమిదో రౌండ్లోనే భుజాలు పైకొచ్చేశాయి. పద్నాలుగు సెకన్లు తగ్గాల్సింది పోయి ముప్పై ఏడు పెరిగాయి. నోటికొచ్చినట్టు తిట్టాను. ఆనందపురం పోయి మళ్ళీ చామంతులు కోసుకోమన్నాను. అందరూ విన్నారు.

"కాళ్ళు రావట్లేదు సార్," అంది, మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని. "పొద్దున్న లేత్తంటేనే ఒళ్ళు ఇరిగిపోతంది. నా నెంబరు ఏటొచ్చిందో మీకు తెలుసు కదా."

"నెంబర్ల మాట నాకు సెప్పకు!"

గ్రేసీ అక్కడే ఉంది. పన్నెండు రోజులు ఆకుపచ్చ వచ్చిన అమ్మాయి ఇలా ఎందుకు పరిగెత్తింది అని అడిగింది. నన్ను కాదు, టాబ్లెట్‌ని అడిగినట్టు మెల్లగా అనుకుంది.

ఆ పిల్లకి మొండితనం లేదు. అదీ అసలు సంగతి.

డిసెంబర్ 15, సోమవారం

గ్రేసీ ఇంటికే వచ్చింది. చేతిలో కాగితాలు. హేమశ్రీని కూర్చోబెట్టి, సీతాలుని పిలిచి, నన్ను కూడా కూర్చోమంది. నా ఇంట్లో నన్ను!

శుక్రవారం పరుగు చూశాక అనుమానం వచ్చిందట. యాప్ ఇచ్చే నెంబరు పక్కన పెట్టి, లోపల ఒక్కో దెబ్బా విడివిడిగా రాసి ఉంటుందట, అది తీసి చూసిందట. కాగితం మీద చుక్కలు చల్లినట్టున్నాయి.

"ఇది రికవరీ కాదు సార్. ఎడం కొంచెం కొంచెం మారితే మంచిది. ఇది మారటం కాదు, తాళమే తప్పిపోయింది. గుండె పైగదులు వణుకుతుంటే ఇలాగే వస్తుంది. యాప్‌కి ఆ తేడా తెలియదు, మార్పు ఎక్కువుంది కదా అని ఆకుపచ్చ వేసేసింది. నేను ముందే చూడాల్సింది, నాదీ తప్పే."

"అంటే?" అంది సీతాలు.

"రక్తం గడ్డ కడితే పక్షవాతం రావచ్చమ్మా. డాక్టర్లు తేల్చేదాకా హేమశ్రీ పరిగెత్తకూడదు. ట్రయల్స్‌కి మెడికల్ సర్టిఫికెట్ ఇవ్వరు."

తరవాత హేమశ్రీ వైపు తిరిగి, "బెల్టు నువ్వే పెట్టుకున్నావు కదా? ఇంకెవరూ పెట్టుకోలేదు కదా?" అని అడిగింది.

హేమశ్రీ నా వైపు చూసింది. తల దించుకుని, "నానే పెట్టుకున్నాను మేడమ్," అంది.

నేను కాగితం చూస్తూ కూర్చున్నాను. తేలు కుట్టిన దొంగ ఎలా ఉంటాడో ఇన్నాళ్ళూ సామెతలోనే విన్నాను.

డిసెంబర్ 16

గాజువాక ఆసుపత్రిలో హేమశ్రీకి ఈసీజీ తీశారు. శుభ్రంగా ఉంది. ఉండదా మరి. సమస్య దానంతట అదే తీరిపోయిందనుకున్నాను.

తీరలేదు. ఈ జబ్బు వచ్చి పోతుంటుందట. ఒకసారి బాగున్నంత మాత్రాన లేదనలేమన్నాడు డాక్టరు. ఒంటికి మిషన్ తగిలించి రోజుల తరబడి చూడాలి. ఆ తరవాతే సర్టిఫికెట్. ఈలోగా ఇరవై ఎనిమిది దాటిపోతుంది.

డిసెంబర్ 17

చెప్పలేదు.

డిసెంబర్ 18, గురువారం

చెప్పలేదు. ఎందుకు చెప్పలేదో ఇక్కడైనా రాయాలి కదా. ఈ పుస్తకం ఇంకెవరు చదువుతారు?

ఉద్యోగం పోతుందని కాదు. మోహనకృష్ణ నవ్వుతాడని కాదు. ఆ కాగితం మీద చుక్కలు హేమశ్రీవి కావని చెప్తే, అవి నావి అవుతాయి. మా నాన్న కళ్ళంలో రొమ్ము పట్టుకుని కూలబడ్డప్పుడు ఆయనకి యాభై ఎనిమిది. నాకు భయం వేస్తోంది. ఇంత పెద్ద భయం ఉందని ఇన్నాళ్ళూ నాకే తెలియదు. ఇరవై ఏళ్ళ పిల్ల మీద నా జబ్బు పెట్టేసి, దాని చాటున కూర్చున్నాను.

మధ్యాహ్నం వాళ్ళమ్మ అప్పలమ్మ ఆనందపురం నుంచి వచ్చింది. వచ్చీ రాగానే కూతురి రొమ్ము మీద చెయ్యి వేసి చూసింది.

"పరుగూ వద్దు, ఏటీ వద్దు. పిల్ల నాకు బతికుంటే సాలు బాబూ. రేపు తీసుకెలిపోతాను," అని నా ముందు ఏడ్చింది. నాకే దండం పెట్టింది.

ఆమె స్నానానికి వెళ్ళినప్పుడు హేమశ్రీ ముందుగదిలో పెట్టె సర్దుతోంది. గుమ్మంలో నిలబడ్డాను.

"నువ్వెందుకు సెప్పలేదు?" అన్నాను. సిగ్గు లేకుండా ఆ మాట నేనే అడిగాను.

"నానెందుకు సెప్తాను? తప్పయితే నాది అన్నారు కదా ఆ రోజు." స్పైక్స్ బూట్లు గుడ్డలో చుడుతూ అంది, నా వైపు చూడకుండా. "మూడ్రోజుల్నుంచి సూత్తన్నాను. ఎప్పుడు సెప్తారో అని. మా అమ్మ ఏడుత్తంటే కూడా కూకున్నారు."

"హేమా..."

"నాకు జబ్బు లేదని మీకూ తెలుసు, నాకూ తెలుసు. మరి ఆ జబ్బు ఎవులిదో కూడా మీకు తెలుసు. ఎల్లి సూపించుకోండి. నా గురించి కాపోతే, ఆవిడ గురించయినా." వంటింటి వైపు చూపించింది. సీతాలు అంబలి కలుపుతోంది.

డిసెంబర్ 19, శుక్రవారం

పొద్దున్నే అప్పలమ్మని బస్సెక్కకుండా ఆపి, తల్లీకూతుళ్ళిద్దర్నీ తీసుకుని అకాడమీకి వెళ్ళాను.

గ్రేసీ గదిలో ఆమె ఒక్కతే ఉంది. ఎలా చెప్పాలో దారంతా అనుకున్న మాటలన్నీ పోయాయి.

"ఆ బెల్టు నాను పెట్టుకున్నాను. ఒకటో తారీకు నుంచి. పిల్ల తప్పేటీ లేదు."

గ్రేసీ లేచి నిలబడింది. అరుస్తుందనుకున్నాను. అరిస్తే బాగుండేది.

"తను ఎరుపులో ఉన్నప్పుడు మీ గుండె చూపించి పరిగెత్తించారు. తనని పాడు చేశారు. నన్ను పిచ్చిదాన్ని చేశారు. వాళ్ళమ్మ మొన్నటి నుంచి అన్నం తినలేదట, తెలుసా?" బల్ల మీద కాగితాలు పక్కకి తోసింది. "మీకు ఈ బెల్టు మీద నమ్మకం లేదు. సరే. అంబలి మీద ఉంది కదా? గ్లాసులో ఎంత మిగిల్చిందో కూడా చూడలేదా?"

చూశాను. తొమ్మిదిన రాసి పెట్టాను కూడా. డైటింగని రాశాను.

అప్పలమ్మకి సగం సగం అర్థమైంది. "అంటే నా పిల్లకి ఏటీ లేదా?" అంది. లేదమ్మా అంది గ్రేసీ. ఆ తల్లి నన్ను తిట్టిన తిట్లు ఇక్కడ రాయను. ఒక్కటీ ఎక్కువ కాదు.

"చెయ్యి ఇలా ఇవ్వండి," అంది గ్రేసీ.

బెల్టు తియ్యలేదు. టాబ్లెట్ ముట్టలేదు. నా మణికట్టు మీద మూడు వేళ్ళు పెట్టి గోడగడియారం వైపు చూస్తూ నిలబడింది. ముప్పై ఏళ్ళు నేను పిల్లలకి చేసిన పనే. నా వేళ్ళు నా చేతి మీద ఎప్పుడూ పెట్టుకోలేదు.

"ఆటో పిలవండి!" అని బయటికి కేక వేసింది.

డిసెంబర్ 24, బుధవారం, ఆసుపత్రి

గొంతులోకి గొట్టం వేసి లోపల గడ్డల్లేవని చూసి, మత్తిచ్చి షాక్ కొట్టారు. గుండె గాడిలో పడిందన్నారు. ఇంకో నెల ఆగి ఉంటే పక్షవాతంతో వచ్చేవారు అన్నాడు డాక్టరు, చాలా మామూలుగా.

మోహనకృష్ణ ఫోన్ చేసి ఆరోగ్యం అడిగాడు. ఆ తరవాత ఇంక అకాడమీకి రావద్దన్నాడు. నేను రాసిచ్చిన కాగితం, హేమశ్రీ సొంత గుండె మళ్ళీ చూసిన రిపోర్టు కలిపితే డాక్టరు సర్టిఫికెట్ ఇచ్చాడట. హేమశ్రీ హాస్టల్‌కి మారిపోయింది.

గ్రేసీ దాన్ని పరిగెత్తించడం లేదట. ట్రయల్స్‌కి నాలుగు రోజులుండగా నడిపిస్తోందట! మంచం మీద నుంచి లేచి వెళ్ళి ఇద్దర్నీ తిడదామనుకున్నాను. సెలైన్ సూది ఉంది. వాళ్ళ అదృష్టం.

డిసెంబర్ 28, ఆదివారం

ఫోన్ పొద్దుట్నుంచి చేతిలోనే ఉంది. పదకొండింటికి గ్రేసీ దగ్గర్నుంచి మెసేజ్. మాట లేదు, అంకెలే.

16:56.

ఎన్నిసార్లు చదివానో. ఏడేళ్ళు పరిగెత్తించి నేను తియ్యలేని సెకన్లు, ఆ పిల్లని పదమూడు రోజులు ఊరుకోబెట్టి ఆమె తీసింది. ఏడుపొచ్చింది. సంతోషానికే. పూర్తిగా సంతోషానికే అని రాస్తే ఈ పుస్తకం కూడా నమ్మదు.

హేమశ్రీ ఫోన్ చెయ్యలేదు.

జనవరి 3, శనివారం

వచ్చింది. నా కోసం కాదు, ముందుగదిలో వదిలేసిన పెట్టె కోసం. సీతాలు దాన్ని కావలించుకుంది. నేను కుర్చీలోంచి లేవబోతే, "కూకోండి" అంది.

"బాగా పరిగెట్టావు."

"ఊఁ."

"ఆఖరి రౌండు ఎంతలో?"

"మీకెందుకు?"

పెట్టె గుమ్మం దాటించాక వెనక్కి వచ్చి, బల్ల మీద బెల్టు పెట్టింది. పాతదే.

"గ్రేసీ మేడమ్ ఇమ్మన్నారు. రోజూ అయిదింటికి పెట్టుకోండి. నెంబరు నా ఫోన్‌కి వత్తాది, నానే సూత్తాను." బెల్టుని నా వైపు జరిపింది. "ఇంకెవులికీ పెట్టకండి."

నవ్వలేదు. నేనూ నవ్వలేదు. ఆటో వెళ్ళేదాకా సీతాలు గుమ్మంలోనే ఉంది.

జనవరి 5, సోమవారం

అయిదింటికి చాప మీద పడుకుని కట్టుకున్నాను. మూడు నిమిషాలు. పదహారు.

నూట ముప్పై ఒకటి నుంచి పదహారుకి. గుండె సరిగ్గా కొడుతోందనడానికి అదే గుర్తట. ఈ వయసుకి, ఈ ఒంటికి ఇదే అసలు నెంబరట. యాప్‌కి మాత్రం పరుగుపిల్లల లెక్కే తెలుసు.

డాక్టరు పావుగంట నడవమన్నాడు. నేను గ్రౌండు దాకా వెళ్ళొద్దామనుకున్నాను. కంచె బయట నుంచి చూస్తే ఎవరేమంటారు? చెప్పులు తొడుక్కుంటుంటే ఫోన్‌లో హేమశ్రీ మెసేజ్ వచ్చింది.

"ఎరుపు. ఈ రోజు నడక లేదు."

సార్ అని లేదు. దాని మెసేజ్‌లో ఏడేళ్ళలో ఇదే మొదటిసారి.

ఎరుపంటే ఏమిటో, పావుగంట నడకకి ఏమవుతుందో, ముప్పై ఏళ్ళ అనుభవం అంటే ఏమిటో జవాబు రాయడం మొదలుపెట్టాను. సీతాలు అంబలి తెచ్చి చేతికిచ్చింది. రెండు గుక్కలు తాగి, రాసి, కొట్టేసి, మళ్ళీ రాసి, కొట్టేసి, గ్లాసు బల్ల మీద పెట్టేశాను. సగం మిగిలింది. సీతాలు గ్లాసు వైపు చూసి, నా వైపు చూసింది.

చెప్పులు విప్పి వెళ్ళి పడుకున్నాను.